పరాయి నాలుక మీద మొక్కు

తిరువళ్లూరు వేరుశెనక్కాయల మండీలో దామోదరం శెట్టి నోట్లో పడినవాడు మళ్లీ మనిషి రూపంలో బయటికి రావడం కష్టమని చెప్పుకునేవాళ్లు. తడి కాయలు అడుగున దాచి పైన ఎండు కాయలు పోసుకొచ్చినవాడు, తక్కెడ కింద కాలిబొటనవేలు పెట్టినవాడు, మాట ఇచ్చి మర్నాడు మొహం చాటేసినవాడు, వీళ్లలో ఒక్కడి మీదైనా ఆయన చెయ్యి చేసుకున్నది లేదు. నాలుకతోనే తోలు వొలిచి ఎండకు ఆరేసేవాడు. తెలుగులో మొదలుపెట్టి, చాలకపోతే అరవంలోకి దిగేవాడు. అదీ చాలకపోతే రెండూ కలిపి దంచేవాడు. ఒక దవడలో పుగాకు కలిపిన వక్కాకు ముద్ద, ఇంకో దవడలో తిట్టు. పెళ్లి కాకముందు నుంచీ ఆ రెండూ ఆరింది లేదు.

మండీలో ఆయన నిలబెట్టిన ధర్మం ఒకటుండేది. వేలంపాటలో ఎవడి నోరు కూత పెడితే సరుకు వాడి నెత్తినే. "మా మామ కోసం పాడినా, మా ఊరి పెద్దాయన పాడమన్నాడు" అని తర్వాత నసిగితే చెల్లదు. ఆ మామ వచ్చి ఔనంటే సరే. రాలేదా, పాడిన నోరే మోసుకుపోవాల. ఒకసారి సొంత బామ్మర్ది గుర్నాథమే తిరుత్తణి నుంచి చుట్టపుచూపుగా వచ్చినాడు. ఊరకుండక ఎవరో దోస్తు పేరు చెప్పి, గొప్పకు కూత పెట్టినాడు. ఆ దోస్తు కంటికి కనబడితే ఒట్టు. పుచ్చు కాయల బస్తాలన్నీ దామోదరం వాడి వీపు మీదనే బండికెక్కించినాడు. ఆయన పెండ్లాం తులసమ్మ తమ్ముడి అవస్థ చూడలేక కండ్లనీళ్లు పెట్టుకునింది.

"నోరు వాడిది. కాయలూ వాడివే," అన్నాడు దామోదరం.

అట్లాంటి నాలుకకు పక్క అంచున పుండు లేచింది.

పన్ను కోసుకునిందేమోనని మొదట లెక్క చెయ్యలేదు. తేనె రాసినాడు, లవంగం నూనె పూసినాడు. ఏదో తేడా ఉండాదని ముందుగా పసిగట్టింది మండీ హమాలీలు. శెట్టి తిట్లలో పదును తగ్గిందని వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. పెద్ద తిట్టు తిట్టబోయి నడిమధ్యలో ఆగి దవడ పట్టుకునేవాడు. తిట్టించుకునేవాడు కూడా పాపం అని నిలబడి చూసేవాడు. దామోదరానికి పుండు కంటే ఆ "పాపం" ఎక్కువ సలిపింది.

మద్రాసు ఆస్పత్రిలో శివప్రకాశం అనే డాక్టరు చూసినాడు. నుదుటి నిండా విబూది, చేతికి గడియారం, వయసు పెద్దగా లేదు. నాలుకను గుడ్డతో పట్టుకుని బయటికి లాగి, కింద తడిమి, గొంతు కింద బిళ్లలున్నాయేమోనని వెతికి, కడకు ఉన్నమాట చెప్పినాడు. అది కేన్సరు. దారులు రెండు. ఆ పక్క నాలుకను కోసెయ్యడం ఒకటి. రెండోది, రేడియం సూదులు నాలుక కండలోకే దించి కొన్నాళ్లు అట్లే ఉంచడం. సూదుల్లోంచి వచ్చే కిరణం లోపల్నుంచే ఆ రోగాన్ని మాడుస్తుంది. నాలుక నిలుస్తుంది.

"కోస్తే మాట?" అని అడిగినాడు దామోదరం.

"వస్తుంది. ఎదుటివాడు ఓపిగ్గా వినాల."

"నా మాట ఓపిగ్గా వినేవాడు మా తిరువళ్లూరులో ఇంకా పుట్టలేదు. సూదులే పెట్టండి."

ముందు పుచ్చిన పండ్లు పీకినారు. తర్వాత మత్తిచ్చి సూదులు దించినారు. మెలకువ వచ్చేసరికి నోట్లో నాలుక లేదు, ముండ్లపంది పడుకోనుండాది. సూది సూదికీ కడాన ఒక దారం. ఆ దారాలన్నీ పెదవి మీదుగా బయటికొచ్చి చెంప మీద ప్లాస్టరు కింద అణిగి ఉండాయి. మింగేందుకు లేదు, ఉమిసేందుకు లేదు. చొంగ దానంతటది కారి మెడకింద పెట్టిన ఎనామిల్ బేసిన్‌లో పడుతుంది. ముక్కులోంచి గొట్టం. అందులోనే పాలు, అందులోనే గంజి. మాట సంగతి అడగనే అక్కర్లేదు.

గది వరండా కొసన ఒంటరిగా ఉండాది. మంచానికి అటూ ఇటూ చక్రాల మీద తోసే సీసపు తడికలు. సూదుల కిరణం రోగం దగ్గరే ఆగదంట, పక్కనున్నవాళ్లనూ తాకుతుందంట. అందుకని నర్సమ్మ గొట్టంలో పాలు పోసి, నిప్పు తొక్కినట్టు వెనక్కి పోతుంది. చూడవచ్చినవాళ్లు వాకిలి దగ్గర ఎర్రగా గీసిన గీత దాటకూడదు, అక్కడ కూడా ఎక్కువసేపు నిలబడకూడదు. సూదులున్నంత కాలమే ఈ కట్టడి, తీసేస్తే ఏమీ ఉండదని డాక్టరు అందరికీ విడమరిచి చెప్పినాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

దామోదరం శెట్టి మాట్లాడలేడన్న కబురు చుట్టాల్లో నిప్పంటుకున్నట్టు పాకింది. జన్మలో ఆయన ఎదుట నోరు విప్పి ఎరగనివాళ్లంతా బస్సెక్కి, రైలెక్కి వచ్చినారు. వినేవాడు లేవలేనివాడైతే చెప్పేవాడు వేదాంతి. మంచం మీద కొయ్యబారి పడుకుని, వాళ్ల మొహాలు చూస్తూ, ఒక్కొక్కరికీ తగిన తిట్టు లోపల్లోపలే కట్టుకుంటూ పోయినాడు దామోదరం. బయటికి పోయే దారి లేక ఆ తిట్లన్నీ కడుపులో కుప్ప పడినాయి.

శోళవరం పెదనాయన కొడుకు కమలాపండ్లు తెచ్చినాడు. ముక్కులో గొట్టముండే మనిషికి కమలాపండ్లు! గీత దగ్గర నిలబడి తనే ఒకటి వొలుచుకుని తింటూ, "తీపిగా ఉండాయన్నా, లేచినాక తిందువులే," అన్నాడు. ఇంకొకడు బొప్పాయి ఆకు రసం తాగమన్నాడు. మింజూరు నుంచి వచ్చిన దామోదరం అక్క ధనమ్మ అసలు గీతదాకా కూడా రాలేదు. వరండా మధ్యలోనే ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమమ్మా నర్సూ, మావాడు చీకట్లో ఎలగతాడా? గడియారం ముండ్లు ఎలగతాయి చూడు, అట్లా?" అని అడిగింది. రేడియం వాసన వస్తుందనుకునింది కాబోలు. ఏ కొలిమి మీద కాల్చినా మాడని బుర్ర మా అక్కది, అనుకున్నాడు దామోదరం. దానికి సూదులు పెట్టినా సూదులే వంకరపోతాయి.

వచ్చినవాళ్లలో సలహా చెప్పనిది ఒక్క తులసమ్మే. ఎర్రగీత మీద కాలిబొటనవేళ్లు ఆనించి నిలబడేది. నర్సమ్మ పొమ్మనేదాకా అట్లే చూస్తూ ఉండేది. పోతూ పోతూ "రేపొస్తా" అని మాత్రం అనేది. లోకంలో ఆవిడ ఒక్కదాని మీదే దామోదరం దగ్గర తిట్టు లేదు. ఉన్నా ఎప్పుడో పారేసుకున్నాడు.

ఒకరోజు ఆవిడ వెనకాలే గుర్నాథం దిగబడినాడు.

గుర్నాథం తిరుత్తణిలో మురుగయ్య కొండమెట్ల మొదట్లో అంగడి పెట్టుకున్నాడు. టెంకాయలు, కర్పూరం, కావడి బద్దలు, నెమలీకలు. దేవుడి నీడన బతికేవాడు ఎవడైనా దేవుడికి కాస్త భయపడతాడు. గుర్నాథానికి అది లేదు. సామి తనకు పక్కింటాయన అయినట్టు మాట్లాడతాడు. ఆ పూట పట్టు ఉత్తరీయం కప్పుకుని, ఒంటి నిండా విబూది పట్టించి, రాయబారానికొచ్చినవాడి మాదిరి గీత దగ్గర నిలబడినాడు.

"బావా! నువ్వేం దిగులు పడొద్దు. నీకు మత్తిచ్చిన పొద్దు నేను కొండమీద ఉండా. అరచేతిలో కర్పూరం ఎలిగించుకుని, అందరూ వింటా ఉండంగా సామికి మొక్కుకున్నా. ఏమని? మా బావకు నయమైతే, వచ్చే ఆడికృత్తికకు ఆయన నాలుకకు వెండి వేల్ గుచ్చి, కావడి మోయించి, మెట్లెక్కించి నీ ఎదుట నిలబెడతా సామీ, అని!"

దామోదరం చెయ్యి చెంప మీది దారాల మీదికి పోయింది.

ఆడి నెల కృత్తిక పండగకు తిరుత్తణిలో అలగు గుచ్చుకునేవాళ్లను ఆయన చిన్నప్పటినుంచీ చూసినాడు. నాలుక బయటికి చాపి, దాని గుండా సామి బల్లెం మాదిరి బెత్తెడు వేల్ దూర్చుకుని, మాటాపలుకూ లేకుండా కొండెక్కుతారు. అది ఎవరి మొక్కు వాళ్లది, ఎవరి నాలుక వాళ్లది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినాడని విన్నాడు గానీ, బావ నాలుక బామ్మర్ది దానం చెయ్యడం ఇదే చూడటం.

"డాక్టరు అన్ని సూదులు గుచ్చినప్పుడు సామికోసం ఒక్కటి గుచ్చుకుంటే ఏం పోతాది చెప్పు అక్కా?" అని తులసమ్మ వైపు తిరిగి నవ్వినాడు గుర్నాథం. "బావకు అలవాటైపోయింది గదా!"

దామోదరం చెయ్యి చాపి బేసిన్ అందుకున్నాడు. చొంగతో సహా వాకిలి వైపు విసిరినాడు. అది సీసపు తడికకు తగిలి గణగణమని దొర్లింది. నర్సమ్మ పరిగెత్తుకొచ్చి అందర్నీ బయటికి తోసింది.

వరండాలోంచి గుర్నాథం గొంతు వినబడతానే ఉండాది. "చూస్తివా అక్కా! సామి పేరు చెప్పంగానే బావకు ఆవేశం వచ్చేసింది. సామే వచ్చినాడు ఆయన మీదికి!"

సూదులు తీసినరోజు డాక్టరు దారాలు పట్టుకుని ఒక్కొక్కటే బయటికి లాగినాడు. తర్వాత ఒకాయన టికటికమనే పెట్టె ఒకటి పట్టుకొచ్చి పరుపునూ, బేసిన్‌నూ, దామోదరాన్నీ సోదా చేసినాడు. పెట్టె గమ్మునుండాది. "మీ ఒంట్లో ఇంక రేడియం పిసరు కూడా లేదు. పసిపిల్లల్ని కూడా ఎత్తుకోవచ్చు," అన్నాడు డాక్టరు. ఆపైన వేలు చూపించి మరీ చెప్పినాడు. "కానీ ఆ పక్క కండ కాలిన నేల మాదిరి. పైకి మానినట్టు కనబడుతుంది, లోపల బలం ఉండదు. పుగాకు మళ్లీ ముట్టకండి. కారం వద్దు. పన్ను పీకాలన్నా నన్నడక్కుండా పీకనీయొద్దు. ఆ నాలుకకు గాయమైతే పూడదు. కుళ్లు పడుతుంది. అప్పుడు మొత్తం తీసెయ్యడమే."

ఇంటికొచ్చినాడు. చెంబు వేరే పెట్టినారు, కంచం వేరే పెట్టినారు. పెట్టె గమ్మునున్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా ధనమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా తమ్ముడు కూర్చుని లేచిన కుర్చీని ఎండలో వేయించేది. నోట్లో తెల్లటి పొర కట్టి, ఊడి, మళ్లీ కట్టింది. మాట వచ్చింది గానీ, నానిన చెప్పుతో నడిచినట్టుండేది. అన్నిటికంటే వింత, రుచి పోయింది. అన్నం మన్ను, పెరుగు సున్నం. ఉప్పేసినారో లేదో తెలిసేది కాదు.

ఉప్పు లేని కంచం ఇంకొకటి కూడా ఉండాదని ఆయనకు కొన్నాళ్లకు గానీ తెలీలేదు. మొక్కు తీరేదాకా తులసమ్మ ఉప్పు మానేసింది. ఒంటిపూట చప్పిడి కూడు. నేల మీద పడక. గాజులు మోచేతిదాకా జారిపోయేంతగా చిక్కింది.

తిరుత్తణిలో గుర్నాథం ఊరుకోలేదు. వెండి వేల్ చేయించి, అంగడి ముందర గాజుపెట్టెలో పెట్టి, వచ్చిపోయేవాళ్లకు చూపించినాడు. "మా బావ నాలుకకు" అని చెప్పేవాడు. మేళం మాట్లాడినాడు. అరవంలో కరపత్రం అచ్చేయించినాడు. రేడియం నయం చెయ్యలేని రోగాన్ని మురుగయ్య నయం చేసినాడని అందులో ఉండాది. కింద గుర్నాథం పేరు, సామి పేరు కంటే పెద్ద అక్షరాల్లో.

ఆడి నెల ముందర దామోదరం మళ్లీ మద్రాసు పోయినాడు. నాలుక అంచున చిన్న మచ్చ ఒకటి మానకుండా ఉండాది. అది పాత రోగమో, సూదుల గాయమో తెలీక లోపల వణుకుతానే ఉండాడు గానీ, పైకి మాత్రం బస్సులో పక్కనోణ్ణి కాలు తొక్కినాడని తిట్టినాడు. డాక్టరు తడిమి చూసి, "రోగం కాదు. మానుతూ ఉంది. దాని జోలికి పోకండి," అన్నాడు. అలగు సంగతి చెప్తే డాక్టరు లేచి నిలబడినాడు. "నేనూ తిరుత్తణి సామి భక్తుణ్ణే. ఏటా కావడి ఎత్తుతా. భుజం మీద ఎత్తుతా. ఆ నాలుకకు ఆ వేల్ పోయిందంటే మళ్లీ నా దగ్గరికి కోసేదానికే వస్తారు."

ఆ మాట ఉన్నదున్నట్టు తులసమ్మకు చెప్పినాడు దామోదరం.

ఆవిడ వాదన పెట్టుకోలేదు. "మీ ఇష్టం," అనింది.

ఆ పూట ఆ చప్పిడి కూడు కూడా తినలేదు. మర్నాడూ అంతే. నీళ్లు తాగి పనులు చేసుకుంటా ఉండాది. అడిగితే, "ఏం లేదు. ఆకలి కాలే," అనింది. కడకు గట్టిగా అడిగితే, ఆయన మొహం చూడకుండా చెప్పింది.

"మొక్కు ఎగ్గొడితే మళ్లీ వస్తాదని భయం. ఆ ఎర్రగీత కాడ నేను మళ్లీ నిలబడలేను. దానికంటే ముందే పోతే మేలు."

దామోదరం తిన్నె మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. వేల్ గుచ్చుకుంటే నాలుక పోతాది. గుచ్చుకోకపోతే ఈ మనిషి పోతాది. ఇద్దరి ప్రాణానికీ ఆ కుంక నోట్లోంచి ఊడిపడిన ఒక్క కూత ఉరితాడయి కూర్చునింది. కూత...

కూత దగ్గర ఆయన బుర్ర ఆగింది. లేచి, కండువా దులుపుకున్నాడు.

"అన్నం తినవే. పోదాం. ఆడికృత్తికకు తిరుత్తణి పోదాం."

కృత్తిక నాడు తిరుత్తణిలో నేల కనబడలేదు. ఎటు చూసినా పసుపు గుడ్డలు, కావడ్లు, పంబల మోత. "అరోగరా" అని ఒక మూల లేస్తే ఆ కేక కొండ చుట్టి వచ్చేది. కొలను గట్టున పచ్చయ్యప్ప కూర్చోనుండాడు. తాత ముత్తాతల కాడ్నుంచీ అలగు వేసే కుటుంబం ఆయనది. ముసలాయన, చేతులు మాత్రం వణకవు. ముందర పళ్లెంలో విబూది, నిమ్మకాయలు.

గుర్నాథం మేళంతో వచ్చినాడు. గాజుపెట్టె నెత్తిన పెట్టుకుని, పెండ్లికొడుకు కంటే ఎక్కువ అలంకరించుకున్నాడు. చుట్టాలంతా వెనకాల. ఆస్పత్రిలో గీత దాటడానికి భయపడినవాళ్లంతా ఇక్కడ ముందు వరసకోసం తోసుకుంటా ఉండారు. రేడియం అంటే భయం, దబ్బనం అంటే భక్తి. అదీ పరాయివాడి నాలుకలో అయితే మరీ భక్తి. ధనమ్మ కూడా కొంగు ముక్కుమీంచి తీసేసింది.

"దా బావా, కూర్చో! నాలుక చాపు!" అన్నాడు గుర్నాథం.

దామోదరం కొలనులో మునిగి, తడిబట్టలతో వచ్చి పచ్చయ్యప్ప ముందర నిలబడినాడు. కూర్చోలేదు. అరవంలో, నింపాదిగా, నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ ఆగి ఆగి అన్నాడు.

"పెద్దాయనా, అలగు వేసే ముందు మొక్కు ఏందో, ఎట్లా మొక్కుకున్నారో నలుగురికీ తెలియొద్దా? మా బామ్మర్దిని చెప్పమనండి. అంతా వాడి పుణ్యమే."

గుర్నాథాన్ని మాట్లాడమనడం అంటే ఆంబోతును చేలోకి వదలడమే. పెట్టె దించి, రొమ్ము విరుచుకుని మొదలుపెట్టినాడు. "నేనే మొక్కుకున్నా! ఇదో, ఈ అరచేతిలో కర్పూరం! కాలినా కదల్చలేదు! ఈ నోటితో, సామి ఎదుట..."

"నీ నోటితోనా?" అన్నాడు దామోదరం.

"మరి ఎవరి నోటితో బావా! నా నోటితోనే! వందమంది సాక్షి!"

"నన్నడిగినావా?"

"నువ్వు మత్తులో ఉంటివి గదా!"

"మత్తు దిగినాక నేను ఔనన్నానా?"

"బేసిన్..." అని ఏదో అనబోయి ఆగినాడు గుర్నాథం.

"అబ్బాయీ గుర్నాథం," అన్నాడు దామోదరం. ఆ గొంతు మండీలో వినిన హమాలీలెవరన్నా అక్కడుంటే రెండడుగులు వెనక్కి వేసుండేవాళ్లు. "మా మండీలో ఒక ధర్మం ఉండాది. నువ్వు మరిచిపోయినట్టుండావు. పుచ్చు కాయలు మోసిన వీపునడుగు, అది చెప్తాది. ఎవడి నోరు కూత పెడితే సరుకు వాడి నెత్తినే. నువ్వు నా పేరు మీద పాడినావు. నేను ఔనన్లేదు. ఇంక ఈ వెండి సరుకు ఎవడిదిరా?"

మేళగాడు సన్నాయి నోట్లోంచి తీసినాడు. పచ్చయ్యప్ప తల పైకెత్తి ఇద్దర్నీ చూసినాడు. తొందరపడే మనిషి కాదు. నిమ్మకాయ ఒకటి అరచేతిలో దొర్లించుకుంటూ ఆలోచన చేసినాడు.

"బిడ్డకు జబ్బు చేస్తే తల్లులు మొక్కుకుంటారు," అన్నాడు అరవంలో. "ఆ అలగు తల్లికే వేసినా. మా నాయనా అంతే. బిడ్డకు ఎప్పుడూ వెయ్యలేదు. మొక్కిన నాలుకకే అలగు. ఆయన చెప్పేది న్యాయమేనప్పా."

గుర్నాథం మొహం మీది విబూది తడిసిపోయింది. "అదెట్లా! నేను... నేను పొద్దున ఇడ్లీ తిన్నా సామీ! కాపీ తాగినా! ఉపవాసం లేను!"

"కొలనుండాది గదా," అన్నాడు పచ్చయ్యప్ప.

"నాకు రక్తం అంటే కండ్లు తిరగతాయి!"

"నాకు తిరగలేదనుకున్నావా?" అన్నాడు దామోదరం. "అయినా ఒక్కటే గదరా. ఏం పోతాది చెప్పు?"

గుర్నాథం అటూ ఇటూ చూసినాడు. ముందు వరసలోని చుట్టాలు ఒక్కరూ కదల్లేదు. కదిలితే చూసేది తప్పిపోతుందని భయం. కడకు అక్క దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నువ్వైనా చెప్పక్కా బావకు."

తులసమ్మ తమ్ముడి చెయ్యి వదిలించుకోలేదు. పచ్చయ్యప్పను మాత్రం చూసి అడిగింది.

"పెద్దాయనా, వీడు గుచ్చుకుంటే ఆ మొక్కు తీరినట్టేనా? సామి మళ్లీ ఆయన జోలికి రాడు గదా?"

"తీరినట్టేనమ్మా. బాకీ ఎవరిదో వాళ్లే కట్టినట్టు."

పుచ్చు కాయల బస్తాలకు కండ్లనీళ్లు పెట్టుకున్న తులసమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"నాయనా, నోరు తెరువు."

అంతే. జనం "అరోగరా" అని కేక పెట్టినారు. గుర్నాథాన్ని నలుగురు పట్టుకుని కొలనులో ముంచి తీసినారు. తీసినప్పుడు గొంతులో ఉన్న మాటేదో నీళ్లతోపాటు పోయింది. పచ్చయ్యప్ప విబూది చేత్తో నాలుక పట్టుకుని లాగినాడు. ఆ నాలుక ఎంత పొడుగో అప్పుడు తెలిసింది లోకానికి. వేల్ ఇటు దూరి అటు తేలింది.

కొండెక్కినంత సేపూ దామోదరం బామ్మర్ది పక్కనే నడిచినాడు. ఎప్పుడూ ఎవరి దగ్గరా అంత ప్రేమగా మాట్లాడి ఎరగడు.

"నొప్పిగా ఉండాదా గుర్నాథం? బొప్పాయి ఆకు రసం తాగు, తగ్గుతాది. శోళవరం నుంచి కమలాపండ్లు తెప్పించమంటావా? నేను తింటాలే, నువ్వు చూద్దువు. అసలు నీకు ఇది ఎట్లా వచ్చిందిరా? పుగాకు ఏమన్నా? చొంగ కారతా ఉండాది, తుడుచుకో. బేసిన్ తేలేదే అయ్యో! ఉండు, ఆడ ఆగబాక, మీ అంగటికొచ్చేవాళ్లు చూస్తా ఉండారు. చీకటి పడితే ఎలగతావేమో, ధనమ్మక్కను అడుగుదాం."

గుర్నాథం కండ్లు ఎర్రగా తిప్పినాడు. చేతిలో విసిరేందుకు ఏమీ లేదు. కావడి భుజం మీద ఉండాది.

కడుపులో అన్నాళ్లు కుప్పపడిన తిట్లన్నీ మెట్టుకొకటి దించుకుంటూ, కొండ కొసకు చేరేసరికి దామోదరం ఒళ్లు తేలిగ్గా అయిపోయింది. వీడికి బుద్ధొచ్చింది, అనుకున్నాడు.

లోకం సంగతి అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. కొసమెట్టు మీద ఎవరో ముసలమ్మ గుర్నాథం కాళ్ల మీద పడింది. ఆమెను చూసి ఇంకొకామె. గుడి ముంగిట్లోకి వచ్చేసరికి జనం వాడి కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటా ఉండారు. "బావ కోసం తన నాలుక ఇచ్చిన మహానుభావుడు" అన్నారు. అన్నవాళ్లలో శోళవరం కమలాపండువాడు మొదటివాడు. ధనమ్మ సరేసరి, మొహానికి విబూది పెట్టించుకునింది. గుర్నాథం కండ్లలో ఏడుపు ఎప్పుడు పోయిందో, అరమూతలు పడి మోక్షం దిగింది. పచ్చయ్యప్ప వేల్ తీసి, నిమ్మకాయ పిండి, విబూది అద్దితే నెత్తురు చుక్క రాలేదు. వాడు మాట్లాడిన మొదటి మాట, "నాకు ముందే తెలుసు. సామి నన్నే అడిగినాడు."

ఆపైన వాడి అంగడి పేరు అలగుసామి అంగడి అయింది. అక్కడ టెంకాయ కొంటే వేరే ఫలమంట. పుచ్చు కాయలు అమ్ముకున్నా లాభమొచ్చేది వాడికొక్కడికే, అని కాండ్రించి ఉమిసినాడు దామోదరం. ఉమిసేందుకు మళ్లీ వీలైనందుకు ఇంకోసారి కూడా ఉమిసినాడు.

కృత్తిక నాటి సాయంత్రమే తిరువళ్లూరుకు తిరిగొచ్చినాక తులసమ్మ పొయ్యి వెలిగించింది. మొక్కు తీరింది గదా, ఉప్పు వేసి చారు కాచింది. ఉప్పు రుచి చూసి ఎన్ని నెలలో అయింది కాబట్టి చెయ్యి లెక్క తప్పింది. తనకు కొంచెం, ఆయనకు కొంచెం వడ్డించింది. ఆయనకు ఎట్లాగూ తెలీదని ఏమీ అడగలేదు.

దామోదరం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపినాడు. మొహం చిట్లించినాడు.

"ఏం చేసినావే ఇది? చారా, ఆరంబాక్కం ఉప్పుకయ్య నీళ్లా? ఉప్పు సంచి బోర్లించినావా?"

తులసమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఏమంటిరి?"

"ఉప్పే! నోరంతా ఉప్పు! మనిషి తినేదేనా ఇది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. నవ్వుతా ఉండాదో ఏడస్తా ఉండాదో తెలీకుండా, "ఇంకొంచెం తిట్టండి," అనింది.

ఆయన తిట్టినాడు. తిడుతూనే ఆ చారు అడుగు చుక్కదాకా తాగి, కంచం ముందుకు తోసి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.